ఇంట్లో చేసిన రోబో తిన్నగా ఎందుకు నడవదు?

వరండా నేల మీద సుద్దముక్కతో 4 మీటర్ల పొడవున ఒక తిన్నని గీత గీద్దాం. ఆ గీత మొదట్లో రెండు మోటార్లతో నడిచే చిన్న రోబో బండిని నిలిపి, ముందుకు సాగమని ఆదేశిద్దాం. రెండు మోటార్లూ ఒకే రకానివి, ఒకే దుకాణంలో కొన్నవి. రెండింటికీ విద్యుత్తు ఒకే బ్యాటరీ నుంచి అందుతోంది. ప్రోగ్రాములో రెండింటికీ నిర్దేశించిన వేగమూ ఒకటే. అయినా గీత చివరికి చేరేసరికి బండి మూరెడు పక్కకు జరిగి ఉంటుంది. మళ్లీ నడిపితే మళ్లీ అటే జరుగుతుంది.

పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శన కోసమో, ఇంజినీరింగ్ కళాశాలలో ప్రాజెక్టు కోసమో మొదటిసారి రోబోను తయారుచేసిన వారిలో చాలామందికి ఇది పరిచితమైన అనుభవమే. వెంటనే వారి చూపు ప్రోగ్రాము మీదికి మళ్లుతుంది. రాసిన ఆదేశాలను పదే పదే సరిచూస్తారు. దోషం మాత్రం సాధారణంగా అక్కడ ఉండదు. మోటారులో, చక్రంలో, బ్యాటరీలో, కొన్నిసార్లు నేలలోనే ఉంటుంది.

కృత్రిమ మేధ గురించి ఎడతెగని చర్చ జరుగుతున్న కాలమిది. యంత్రం ఎంత తెలివిగా ఆలోచిస్తుందన్నదే అందరి ఆసక్తి. అయితే కదిలే యంత్రానికి అంతకంటే ముందు తెలియవలసిన విషయాలు రెండున్నాయి. తాను ఎంత దూరం వచ్చిందన్నది ఒకటి, ఎటు తిరిగి ఉందన్నది రెండోది. యంత్రానికి ఈ రెండింటినీ నేర్పడం ఎంత కష్టమో, ఎలా సాధ్యమో తెలుసుకోవడానికి ఒక రోబో బండిని మొదటి నుంచి సొంతంగా నిర్మించుకోవడం మంచి మార్గం.

చంద్రుడి నేల మీదా అదే ప్రశ్న

2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండరు విక్రమ్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి చేరువ ప్రాంతంలో దిగింది. దాని నుంచి బయటికి వచ్చిన ప్రజ్ఞాన్ రోవరు బరువు 26 కిలోలు, చక్రాలు ఆరు. సెకనుకు సుమారు ఒక సెంటీమీటరు వేగంతో కదిలే ఆ రోవరు మొత్తం మీద 100 మీటర్లకు పైగా ప్రయాణించింది. ఆగస్టు 27న దానికి 3 మీటర్ల ముందు, 4 మీటర్ల వ్యాసం ఉన్న గొయ్యి ఎదురైంది. వచ్చిన దారినే వెనక్కి మళ్లాలని భూమి నుంచి ఆదేశం వెళ్లింది.

వచ్చిన దారినే మళ్లాలంటే ఆ దారి ఏదో తెలియాలి. చంద్రుడి మీద దారి చూపే జీపీఎస్ లేదు. చక్రం ధూళిలో జారితే, అది తిరిగినంత మేర బండి ముందుకు కదలదు. 2004లో అంగారకుడి మీద దిగిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లు ఇదే కారణంతో చక్రాల లెక్కను ఒక్కదాన్నే నమ్ముకోకుండా, కెమెరా చిత్రాలతో పోల్చి సరిచూసుకునేవి. వరండాలో నడిచే బండికి ఎదురయ్యే చిక్కు పరిమాణంలో చిన్నదే. స్వభావంలో మాత్రం ఇదే.

పాత గడియారాల పళ్లచక్రాలతో

ఇలాంటి యంత్రం చేయడానికి ఖరీదైన సామగ్రి తప్పనిసరి కాదనడానికి చరిత్రలోనే సాక్ష్యముంది. బ్రిటన్‌లోని బ్రిస్టల్ నగరంలో మెదడు పనితీరుపై పరిశోధన చేస్తున్న గ్రే వాల్టర్, 1948-49 కాలంలో తాబేళ్లను పోలిన రెండు చిన్న యంత్రాలను తయారుచేశారు. వాటికి ఎల్మర్, ఎల్సీ అని పేర్లు పెట్టారు. ఒక్కొక్కదానికి మూడు చక్రాలు, కాంతిని పసిగట్టే ఒక సాధనం, దేనికైనా తగిలితే గుర్తించే డొప్ప ఉండేవి. వాటి మెదడు అనదగిన భాగంలో ఉన్నవి రెండే రెండు వాల్వులు. పాత గడియారాల నుంచి, గ్యాస్ మీటర్ల నుంచి తీసిన పళ్లచక్రాలు వాటి నిర్మాణంలో ఉపయోగపడ్డాయి.

ఆ యంత్రాలు గదిలో వెలుతురును వెతుక్కుంటూ తిరిగేవి. అడ్డు తగిలితే తప్పుకొనేవి. బ్యాటరీ నీరసించినప్పుడు దీపం వెలుగుతున్న గూటికి తమంతట తామే చేరుకొనేవి. ఆ తరహా తాబేళ్లను 1951లో జరిగిన ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌లో ప్రజలు ఆసక్తిగా చూశారు. అతి తక్కువ భాగాలతోనూ ప్రాణమున్నట్టు ప్రవర్తించే యంత్రాన్ని నిర్మించవచ్చని వాల్టర్ నిరూపించారు.

జోడెడ్ల బండి సూత్రం

ఇంట్లో చేసే రోబోకు అత్యంత సులభమైన నిర్మాణం రెండు మోటారు చక్రాలు, ఒక ఊత చక్రం. కారులో ఉన్నట్టు దీనికి స్టీరింగు ఉండదు. ఎడ్లబండిని తోలిన వారికి దీని కిటుకు ఇట్టే అర్థమవుతుంది. బండి ఎడమకు తిరగాలంటే దాపటి ఎద్దును నెమ్మదింపజేసి, వలపటి ఎద్దును అదిలిస్తారు. రోబోలోనూ అంతే. కుడి చక్రం వేగంగా, ఎడమ చక్రం నెమ్మదిగా తిరిగితే బండి ఎడమకు మళ్లుతుంది. ఒకటి ముందుకు, మరొకటి వెనక్కి సమాన వేగంతో తిరిగితే, ఎద్దులకు సాధ్యం కాని పని కూడా చేస్తుంది. ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది.

పీఠానికి 6 మిల్లీమీటర్ల మందం, 25 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లైవుడ్ పలక చక్కగా సరిపోతుంది. రంపంతో కోయవచ్చు, రంధ్రాలు వేయవచ్చు, తప్పు జరిగితే మార్చుకోవచ్చు. స్టీలు పళ్లెమో, టిఫిన్ డబ్బా మూతో వాడాలనుకుంటే ఒక జాగ్రత్త అవసరం. ఎలక్ట్రానిక్ పలకల అడుగున ఉండే లోహపు కాళ్లు దానికి తగిలితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. మధ్యలో ప్లాస్టిక్ దిమ్మెలు అమర్చాలి.

బరువు అమరిక కూడా ముఖ్యమే. బ్యాటరీ వంటి బరువైన భాగాలను వీలైనంత కిందుగా, మోటారు చక్రాల ఇరుసుకు దగ్గరగా ఉంచాలి. బరువంతా ఊత చక్రం మీద పడితే మోటారు చక్రాలకు పట్టు చాలక జారుతాయి. ఆఫీసు కుర్చీలకు ఉండే తరహా ఊత చక్రంతో మరో ఇబ్బంది ఉంది. బండి వెనక్కి మళ్లినప్పుడు అది అడ్డంగా తిరిగి, బండిని ఒక పక్కకు తోస్తుంది. గోళీలా అన్ని వైపులా దొర్లే ఊత అమర్చితే ఈ బెడద తగ్గుతుంది.

మోటారు కొనే ముందు ఒక లెక్క

దుకాణంలో మోటారు కొనేటప్పుడు ఎక్కువమంది అడిగేది అది నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందని. ఆ ప్రశ్న అవసరమే. 65 మిల్లీమీటర్ల వ్యాసమున్న చక్రం ఒకసారి తిరిగితే బండి సుమారు 204 మిల్లీమీటర్లు కదులుతుంది. నిమిషానికి 100 సార్లు తిరిగితే వేగం సెకనుకు 34 సెంటీమీటర్లు. ఇంట్లో తిరిగే బండికి అది చాలు.

అంతకన్నా ముఖ్యమైనది మోటారుకు ఎంత మెలితిప్పే బలం ఉందన్న ప్రశ్న. దీన్నే టార్కు అంటాం. మన బండి మొత్తం బరువు 2 కిలోలు అనుకుందాం. అది 15 డిగ్రీల వాలు ఎక్కాలంటే, నేల రాపిడిని కూడా కలుపుకొని సుమారు 6 న్యూటన్ల తోపు కావాలి. దాన్ని రెండు చక్రాలు పంచుకుంటే ఒక్కొక్కదానికి 3 న్యూటన్లు. చక్రం వ్యాసార్ధంతో హెచ్చిస్తే ఒక్కో మోటారుకు సుమారు ఒక కిలోగ్రామ్-సెంటీమీటరు టార్కు అవసరమని తేలుతుంది.

ఇక్కడే చాలామంది పొరపడతారు. దుకాణాల్లో పెద్ద అక్షరాలతో రాసే టార్కు, తరచుగా మోటారు పూర్తిగా ఆగిపోయే స్థితిలో చూపే గరిష్ఠ బలం. ఆ స్థితిలో ఎక్కువసేపు ఉంచితే మోటారు వేడెక్కి కాలిపోతుంది. నిత్యం వాడుకునేది అందులో నాలుగో వంతుకు మించకుండా చూసుకోవడం మంచిది. అంటే మనకు కావలసింది 4 కిలోగ్రామ్-సెంటీమీటర్ల మోటారు. బొమ్మబండ్లలో కనిపించే పసుపురంగు ప్లాస్టిక్ గేరు మోటార్లు అరకిలో బరువున్న బండికి సరిపోతాయి. 2 కిలోల బండికి లోహపు గేర్లున్న 12 వోల్టుల మోటార్లు తీసుకోవాలి.

బ్యాటరీ దగ్గర తొందర పనికిరాదు

మోటార్లు తిరగడం మొదలుపెట్టిన ప్రతిసారీ రోబో మెదడు ఆగి, మళ్లీ మొదటి నుంచి పని ప్రారంభించడం కొత్తవారికి తరచుగా ఎదురయ్యే సమస్య. ప్రోగ్రాములో ఎంత వెతికినా కారణం దొరకదు. ఆగి ఉన్న మోటారు కదిలే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్ల విద్యుత్తును లాగుతుంది. ఆ క్షణంలో బ్యాటరీ వోల్టేజి పడిపోతుంది. అదే తీగ మీద ఆధారపడిన మైక్రోకంట్రోలరు స్పృహ తప్పినట్టు ఆగిపోతుంది. ఊళ్లో బోరు మోటారు వేసినప్పుడు ఇంట్లో దీపం మసకబారడం లాంటిదే ఇది.

దీనికి విరుగుడు రెండింటికీ వేర్వేరు దారుల్లో విద్యుత్తు ఇవ్వడం. మోటార్లకు బ్యాటరీ నుంచి నేరుగా ఇచ్చి, మైక్రోకంట్రోలరుకు వోల్టేజిని 5 వోల్టులకు తగ్గించి స్థిరంగా ఉంచే చిన్న పరికరం ద్వారా ఇవ్వాలి. రెండు దారుల గ్రౌండు తీగలు మాత్రం తప్పక కలిసి ఉండాలి. మోటారు లోపలి బ్రష్‌ల వద్ద పుట్టే నిప్పురవ్వలు కూడా విద్యుత్ అలజడి సృష్టిస్తాయి. ప్రతి మోటారు కొసల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు అతికిస్తే ఆ అలజడి తగ్గుతుంది.

ఇక భద్రత. లాప్‌టాప్ బ్యాటరీల్లో ఉండే 18650 రకం లిథియం అయాన్ సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు చూపుతుంది. సాధారణ స్థాయి 3.7 వోల్టులు. 3 వోల్టుల కంటే కిందికి వాడితే సెల్ పాడవుతుంది. మూడింటిని వరుసగా కలిపితే 12 వోల్టుల మోటార్లకు సరిపోతుంది. ఇలాంటి సెల్‌లు షార్ట్ అయినా, మితిమీరి ఛార్జి చేసినా మంటలు చెలరేగే ప్రమాదముంది. కాబట్టి రక్షణ సర్క్యూట్ ఉన్న ప్యాక్, దానికి తగిన ఛార్జరు, బ్యాటరీ పక్కనే ఒక ఫ్యూజు, చేతికి అందేచోట ఒక స్విచ్చి తప్పనిసరి. పాత లాప్‌టాప్‌ల నుంచి ఊడదీసిన, ఉబ్బిన, సొట్టపడిన సెల్‌లను వాడకూడదు. వాటిని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రాలకు అప్పగించాలి. పిల్లలు చేసే ప్రాజెక్టుల్లో ఛార్జింగు, సోల్డరింగు పెద్దల సమక్షంలోనే జరగాలి.

ఎంతసేపు నడుస్తుందో ముందే లెక్కించుకోవచ్చు. బ్యాటరీ సామర్థ్యం 2.5 ఆంపియర్-గంటలు, బండి సగటున వాడేది 1.2 ఆంపియర్లు అనుకుందాం. సామర్థ్యంలో 80 శాతమే వాడుకుంటే సుమారు గంటా 40 నిమిషాలు నడుస్తుంది.

మెదడుకూ మోటారుకూ మధ్యవర్తి

ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో 2005లో రూపుదిద్దుకున్న ఆర్డుయినో పలకలు, ఇంజినీర్లు కాని వారికి కూడా మైక్రోకంట్రోలర్లను అందుబాటులోకి తెచ్చాయి. వాటిలో ప్రాచుర్యం పొందిన ఊనో పలకలో ఉన్న పని జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లే. అయినా ఒక బండిని నడపడానికి అది సరిపోతుంది.

అయితే దాని ఒక్కో పిన్ను నుంచి వచ్చే విద్యుత్తు మిల్లీఆంపియర్లలో ఉంటుంది. మోటారుకు కావలసింది ఆంపియర్లలో. అందుకే మధ్యలో మోటారు డ్రైవరు అనే పరికరం అవసరం. దానిలో నాలుగు ఎలక్ట్రానిక్ స్విచ్చులు వంతెనలా అమరి ఉంటాయి. ఏ జత తెరుచుకుందన్న దాన్ని బట్టి మోటారు ముందుకో వెనక్కో తిరుగుతుంది. ఆ స్విచ్చులను సెకనుకు వందల సార్లు వేసి ఆపుతూ, ఎంతసేపు వేసి ఉంచాలన్నది మార్చడం ద్వారా వేగాన్ని నియంత్రిస్తారు.

విరివిగా దొరికే ఎల్298ఎన్ రకం డ్రైవరు పాతతరం ట్రాన్సిస్టర్లతో పనిచేస్తుంది. బ్యాటరీ వోల్టేజిలో సుమారు 2 వోల్టులు దానిలోనే వేడిగా ఖర్చవుతాయి. కొత్తతరం మాస్‌ఫెట్ డ్రైవర్లలో ఈ నష్టం చాలా తక్కువ. ఏది కొన్నా, మోటారు ఆగిపోయినప్పుడు లాగే గరిష్ఠ విద్యుత్తును అది తట్టుకోగలదా లేదా చూసుకోవాలి.

భాగాలన్నీ బిగించాక మొదటి పరీక్ష నేల మీద చేయకూడదు. బండిని ఒక ఇటుక మీద ఎత్తి, చక్రాలు గాలిలో తిరిగేలా ఉంచి, రెండూ సరైన దిశలో తిరుగుతున్నాయో లేదో చూడాలి. ఆ తరువాతే నేల మీదికి దించాలి.

మూరెడు తేడా ఎక్కడిది?

ఇప్పుడు మన సుద్దగీత దగ్గరికి వద్దాం. ఒకే కర్మాగారంలో తయారైన రెండు మోటార్లు కూడా అచ్చంగా ఒకే వేగంతో తిరగవు. చుట్ల తీగలో, అయస్కాంతంలో, గేర్ల రాపిడిలో ఎంతో కొంత తేడా ఉంటుంది. రెండు చక్రాల మధ్య దూరం 18 సెంటీమీటర్లు ఉన్న బండిలో ఒక చక్రం మరొకదాని కంటే ఒకే ఒక్క శాతం వేగంగా తిరిగిందనుకుందాం. 4 మీటర్లు నడిచేసరికి బండి సుమారు 44 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. అంటే దాదాపు మూరెడు.

కంటికి కనిపించని ఒక శాతం తేడా కాలికి తగిలేంత దూరంగా పెరగడానికి కారణముంది. వేగంలో తేడా వల్ల బండి ముఖం క్షణక్షణం కొద్దికొద్దిగా తిరుగుతుంది. తిరిగిన ముఖంతోనే ముందుకు సాగుతుంది కాబట్టి దోషం మీద దోషం పేరుకుంటుంది. దూరం రెట్టింపైతే పక్కకు జరగడం నాలుగింతలవుతుంది.

దీనికి పరిష్కారం చక్రం ఎంత తిరిగిందో లెక్కించే ఎన్‌కోడరు. చవకైనది 20 చీలికలున్న ప్లాస్టిక్ బిళ్ల. ఒక్కో చీలిక దాటితే సుమారు 10 మిల్లీమీటర్లు కదిలినట్టు. మోటారు ఇరుసుకే అమర్చిన అయస్కాంత ఎన్‌కోడరు ఇంకా సూక్ష్మమైనది. మోటారు ఒకసారి తిరిగితే 11 స్పందనలు ఇచ్చి, గేరు నిష్పత్తి 30 అయితే, స్పందనల అంచులన్నీ లెక్కించినప్పుడు చక్రం ఒక చుట్టుకు 1,320 గుర్తులు వస్తాయి. ఒక్కో గుర్తు విలువ 0.15 మిల్లీమీటర్లు.

ఈ వ్యత్యాసం ఎందుకు ముఖ్యమో చూద్దాం. సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో వెళ్తున్న బండిని సెకనుకు 50 సార్లు సరిదిద్దాలనుకుంటే, రెండు దిద్దుబాట్ల మధ్య అది 6 మిల్లీమీటర్లే కదులుతుంది. ఆ వ్యవధిలో 20 చీలికల బిళ్ల ఒక్క గుర్తు కూడా చూపకపోవచ్చు. అయస్కాంత ఎన్‌కోడరు సుమారు 39 గుర్తులు చూపుతుంది. వాటిని చూసి వెనుకబడిన చక్రానికి ఇంకొంచెం విద్యుత్తు, ముందుకుపోతున్న దానికి కొంచెం తక్కువ ఇవ్వవచ్చు. బండి తోలేవాడు ఎద్దుల నడకను గమనిస్తూ పగ్గాలు సర్దుకున్నట్టే ఈ పని నిరంతరం సాగుతుంది. జరిగిన తప్పును కొలిచి, దానికి తగినంతే సరిదిద్దే ఈ పద్ధతికి గణిత రూపం ఇచ్చిన వారిలో నికొలస్ మినోర్‌స్కీ ఒకరు. 1922లో ఆయన రాసిన పరిశోధన పత్రం నౌకలను స్వయంచాలకంగా దారిలో నడపడం గురించినది.

ఇంకా మిగిలిన జానెడు

ఎన్‌కోడర్లు అమర్చి, రెండు చక్రాలూ సరిగ్గా సమానంగా తిరుగుతున్నాయని నిర్ధారించుకున్నాక కూడా బండి గీతను అంటిపెట్టుకొని ఉండకపోవచ్చు. ఈసారి తేడా చక్రాల పరిమాణంలో ఉంటుంది. 65 మిల్లీమీటర్ల చక్రాల్లో ఒకటి అర శాతం పెద్దదైతే ఆ తేడా మిల్లీమీటరులో మూడో వంతు. రబ్బరు అరిగినా, ఒక పక్క బరువు ఎక్కువై చక్రం కొద్దిగా నొక్కుకుపోయినా ఆ మాత్రం తేడా వస్తుంది. 4 మీటర్ల దూరంలో అది 22 సెంటీమీటర్ల దోషంగా మారుతుంది. అంటే జానెడు. చక్రం ఎన్నిసార్లు తిరిగిందో ఎన్‌కోడరు చెప్పగలదు కానీ, చక్రం ఎంత పెద్దదో చెప్పలేదు.

ఈ సమస్యకు అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు బోరెన్‌స్టైన్, ఫెంగ్ 1990ల మధ్యలో ఒక పరీక్షను రూపొందించారు. బండిని 4 మీటర్ల భుజాలున్న చతురస్రం వెంట నడిపి, బయలుదేరిన చోటికే తిరిగి రమ్మని ఆదేశిస్తారు. సవ్య దిశలో ఐదుసార్లు, అపసవ్య దిశలో ఐదుసార్లు నడిపి, ప్రతిసారీ అది ఆగిన చోటును గుర్తిస్తారు. ఇంట్లో స్థలం లేకపోతే 2 మీటర్ల చతురస్రంతోనైనా ఈ ప్రయోగం చేయవచ్చు.

రెండు దిశల్లోనూ నడపాలనడంలోనే దీని విశేషముంది. చక్రాల పరిమాణంలో తేడా ఒక దోషం. రెండు చక్రాల మధ్య దూరాన్ని తప్పుగా కొలవడం మరో దోషం. ఉదాహరణకు 18 సెంటీమీటర్ల దూరాన్ని 3 మిల్లీమీటర్లు తప్పుగా తీసుకుంటే 90 డిగ్రీల మలుపు ఒకటిన్నర డిగ్రీ తేడాగా వస్తుంది. ఒకే దిశలో నడిపినప్పుడు ఈ రెండు దోషాలూ ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకోగలవు. బండి చక్కగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఎదురు దిశలో నడిపినప్పుడు రెండూ కలిసి బయటపడతాయి.

పది పరుగుల తరువాత నేల మీద రెండు సుద్దచుక్కల గుంపులు మిగులుతాయి. ప్రతి గుంపు మధ్యబిందువు అసలు స్థానం నుంచి ఎంత దూరంలో ఉందో చూసి, ప్రోగ్రాములో చక్రాల నిష్పత్తిని, వాటి మధ్య దూరాన్ని సవరిస్తారు. దీనితో జానెడు తేడా బెత్తెడుకు దిగుతుంది. గుంపులోని చుక్కలు ఒకదానికొకటి ఎంత ఎడంగా ఉన్నాయన్నది మరో సంగతి చెబుతుంది. అది నేల జారుడు, చిన్న రాళ్లు, టైల్స్ మధ్య సందుల వల్ల కలిగే దోషం. దాన్ని ఏ సవరణా తొలగించలేదు. ఎంత ఉంటుందో తెలుసుకొని, దానికి సిద్ధపడటమే చేయగలం.

చెవులకు మే నెల ఎండ

మిగిలిన ఆ బెత్తెడు దూరం కోసమే రోబోకు బయటి ప్రపంచాన్ని గమనించే సాధనాలు కావాలి. ఇంటి ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది అల్ట్రాసోనిక్ సెన్సరు. మనకు వినిపించని 40 కిలోహెర్ట్జ్ శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని తిరిగి వచ్చే సమయాన్ని బట్టి దూరాన్ని చెబుతుంది. గోడ మీటరు దూరంలో ఉంటే ప్రతిధ్వని సుమారు 5.8 మిల్లీసెకన్లలో వస్తుంది.

ఈ లెక్క 20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద శబ్దవేగం సెకనుకు 343 మీటర్లన్న ఆధారంతో చేసినది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో 42 డిగ్రీల ఎండలో శబ్దం సెకనుకు 357 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. ప్రోగ్రాములో పాత అంకెనే ఉంచితే 2 మీటర్ల దూరంలో ఉన్న గోడ 8 సెంటీమీటర్లు దగ్గరగా ఉన్నట్టు రోబో భావిస్తుంది. పుస్తకంలో చదివిన శబ్దవేగానికి, మన ఇంటి గాలికి ఉన్న సంబంధం ఇలాంటప్పుడే అనుభవంలోకి వస్తుంది. తెరలు, దిండ్లు శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఏటవాలుగా ఉన్న గోడ దాన్ని మరోవైపు మళ్లిస్తుంది. పరారుణ సెన్సర్లు గదిలో బాగా పనిచేసి, కిటికీలోంచి ఎండ పడేచోట తడబడతాయి. ఒక్క సెన్సరు మాటనే నమ్మకుండా రెండు మూడింటిని పోల్చి చూడటం ఈ కారణంగానే అవసరమవుతుంది.

ఈ శ్రమ ఎందుకు?

తయారుగా దొరికే కిట్ కొని, సిద్ధంగా ఉన్న ప్రోగ్రాము ఎక్కించి, ఒక్క పూటలో రోబోను నడిపించవచ్చు. ప్రారంభానికి అదీ మంచిదే. కానీ అది చదునైన నేల మీద, నీడపట్టున నడిచినంత కాలమే నడుస్తుంది. రోబోల అవసరం నిజంగా ఉన్న చోట్లలో చదునైన నేల ఉండదు.

2025 ఫిబ్రవరి 22న తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట సమీపంలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో కొంత భాగం కూలి, ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. బురద, ఊటనీరు, శిథిలాల మధ్య రోజుల తరబడి గాలింపు సాగింది. మనుషులు ముందుకు వెళ్లడం ప్రమాదకరమైన చోట్ల వాడేందుకు మార్చిలో రోబోలను కూడా రప్పించారు. మురుగు కాలువల సంగతీ అంతే. మనుషులతో పాకీ పని చేయించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మురుగు కాలువల్లో మరణించిన వారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కేరళలో ఇంజినీరింగ్ పట్టభద్రులు రూపొందించిన బ్యాండికూట్ అనే రోబో, మ్యాన్‌హోల్‌లోకి మనిషికి బదులు తాను దిగి శుభ్రం చేసేందుకు 2018లో తిరువనంతపురంలో రంగంలోకి వచ్చింది.

అలాంటి చోట్ల చక్రం జారడం, బ్యాటరీ ఆగిపోవడం, సెన్సరు పొరబడటం ప్రదర్శనలో మార్కులు తగ్గే విషయాలు కావు. ఒక మనిషి లోపలికి దిగాలా వద్దా అన్నది వాటి మీద ఆధారపడి ఉంటుంది. అలాంటి యంత్రాలను రేపు తయారుచేయవలసిన వారు, ఈ రోజు వరండాలో జానెడు తేడా ఎక్కడిదని వెతుకుతున్న పిల్లల్లోంచే రావాలి.

వారికి కొన్ని అవకాశాలు అందుబాటులో ఉన్నాయి. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద 6 నుంచి 12 తరగతుల విద్యార్థుల కోసం దేశంలో సుమారు 10 వేల అటల్ టింకరింగ్ ల్యాబులు ఏర్పాటయ్యాయి. రానున్న ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50 వేలు నెలకొల్పుతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. నమూనాల తయారీకి తోడ్పడే టీ-వర్క్స్ కేంద్రం హైదరాబాద్‌లో 2023 మార్చిలో ప్రారంభమైంది. పరికరాలతో పాటు పిల్లలకు తప్పు చేసి, కొలిచి, మళ్లీ చేసేందుకు తగినంత సమయం కూడా దొరకాలి. ప్రదర్శన రోజున బండి నడిచిందా లేదా అని అడిగే ఉపాధ్యాయులు, అది ఎంత తప్పింది, ఆ తప్పు ఎలా తెలిసింది అని కూడా అడిగితే పిల్లలు నేర్చుకునేది రెట్టింపవుతుంది.

రోబో తయారీ మొదలుపెట్టాలనుకునే వారికి కావలసిన మొదటి పరికరాలు ఖరీదైనవేమీ కావు. ఒక టేపు, ఒక మల్టీమీటరు, ఒక నోటు పుస్తకం, ఒక సుద్దముక్క. బండి నడిచిన ప్రతిసారీ అది ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టి, తేదీతో సహా రాసుకోండి. పది పరుగుల తరువాత ఆ చుక్కల్ని చూస్తే, తరువాత దేన్ని సరిచేయాలో వాటిని బట్టే తెలుస్తుంది.